కూలకూడని కప్పు

గోడ మీది ఎర్ర గీతను అనసూర్య తడిబట్టతో తుడుస్తూనే ఉంది. అది పోవడం లేదు.

మెస్సు ముందుగదిలో, పక్కగోడ మీద, నిలువుగా గీశారు దాన్ని. గీతకు రోడ్డు వైపు పొయ్యి, గల్లాపెట్టె, బల్లలు. లోపలి వైపు బియ్యం డబ్బాలు, ఇంట్లోకి పోయే తలుపు. రోడ్డు వైపు ఉన్నదంతా పోతుందని సర్వే వాళ్లు చెప్పి వెళ్లారు. రోడ్డు నడుమ నుంచి రైలు వస్తుందట. దానికోసం రోడ్డు వెడల్పు చేస్తారట.

అంతవరకే అయితే రోడ్డు పక్క ఇళ్ల వరుసలో అందరికీ వచ్చిన కష్టమే కదా అనుకునేది. కానీ ఆ రోజు టేపు రెండో కొస పట్టుకుని నిలబడ్డది సొంత కోడలు సాత్విక.

ముందే ఎరుకనా అని అనసూర్య అడిగింది. ఎరుకే అని సాత్విక ఒప్పుకుంది. అబద్ధం చెప్పి ఉంటే ఇల్లు ఇంతగా మూగబోయేది కాదేమో.

ఆ పూట నుంచి అనసూర్య మొగుడు రాయమల్లు కోడలితో మాట్లాడడం మానేశాడు. అసలే మాటలు తక్కువ మనిషి. ఉన్న కాసిన్ని మాటలూ ఇప్పుడు చుట్టు తిరిగి పోతున్నాయి. సాత్విక ఎదురుగా కూర్చుని టిఫిన్ తింటుంటే భార్య వైపు తిరిగి, ఆ ఇంజనీరమ్మకు చట్నీ కావాల్నో వద్దో అడుగు అంటాడు. సాత్విక కూడా అత్త వైపే తిరిగి, చాలని చెప్పండి అంటుంది. నడుమ అనసూర్య గరిటె పట్టుకుని నిలబడుతుంది.

కొడుకు శివ ఒకసారి ఇది చూశాడు. కమాన్‌పూర్ దగ్గరి ఓపెన్‌కాస్టు బొగ్గుగనిలో డంపర్ నడుపుతాడు. డ్యూటీ నుంచి దుమ్ముతో వచ్చి గడపలోనే ఆగిపోయాడు.

"అవ్వా, నిన్ను వీళ్లు టెలిఫోన్ తీగ చేసిన్రు కదనే" అన్నాడు.

ఎవరూ నవ్వలేదు. శివ కూడా నవ్వు మింగి స్నానానికి పోయాడు.

ఇవాళ మీటింగు ఉంది. కమ్యూనిటీ హాలులో ఆఫీసర్లు వస్తారు. రైలు సంగతి ఊరివాళ్లను అడుగుతారు.

రామగుండం స్టేషన్ నుంచి గోదావరిఖని మీదుగా గోదావరి వంతెన దాకా రైలు వేద్దామన్నది ఆలోచన. అది భూమి లోపలి నుంచి పోవాలా, రోడ్డు మీద పట్టాలు వేసి నడిపే చిన్న రైలు కావాలా, ఏది ఎంతవుతుంది, ఆ రెండూ పోల్చి చెప్పమని హైదరాబాదులోని ఒక సర్వే ఆఫీసుకు పని అప్పగించారు. సాత్విక ఆ ఆఫీసులో ఇంజనీరు. మంథని పిల్ల. తండ్రి అక్కడ బడిలో లెక్కలు చెప్పేవాడు. పెళ్లయి వచ్చాక ఇక్కడినుంచే పని చేస్తోంది.

రాయమల్లు మాట ఒక్కటే. రైలు లోపలినుంచే పోవాలి. రోడ్డు పక్క ఇళ్లూ దుకాణాలూ ముట్టుకోవద్దు. వరుస అంతా ఆయన వెనక నిలబడింది. తనలాగే పాత బొగ్గుబాయిల్లో పనిచేసిన వాళ్లందరితో సంతకాలు పెట్టించాడు. ఇవాళ మాట్లాడేది కూడా ఆయనే.

పొద్దున మొదటి షిఫ్టు వాళ్లు తిని పోయాక మెస్సు ఖాళీ అయింది. రాయమల్లు బల్ల మీద కూర్చుని భార్యతో అన్నాడు. నిజానికి లోపలి గదిలో తయారవుతున్న కోడలికి వినిపించాలనే అన్నాడు.

"లోపలినుంచి ఒక్క కిలోమీటరుకు వందల కోట్లని రాసిన్రట. మేం ఈ ఊరి కింద తవ్వలేదా? మందు పెట్టి పేల్చినం. దుంగలు ఆనించినం. మా కూలి ఇచ్చిన్రు. అంతే కదా ఖర్చు. మిగిలింది ఎవరు తినేటందుకు రాసిన్రో అడుగు."

అనసూర్య అడగలేదు. సాత్విక తనే బయటికి వచ్చింది. అత్త పక్కన నిలబడి, అత్తకే చెప్పింది.

తవ్వుడు ఒక్కటే కాదట. తవ్విన దాని చుట్టూ కాంక్రీటు గోడ కట్టుకుంటూ పోవాలట. లోపలికి గాలి కొట్టాలి. ఊరే నీళ్లను బయటికి తోడాలి. అగ్గి అంటుకుంటే జనం బయటపడేందుకు దారులుండాలి. అన్నిటికన్నా ఎక్కువ మింగేది స్టేషన్లు. ఒక్కో స్టేషన్ కోసం ఒక పెద్ద గొయ్యి తవ్వి, మెట్లూ లిఫ్టులూ పెట్టాలి. ఒక్కో ఊర్లో ఒక్కో ఖర్చు. రాయి మంచిదైతే ఒక తీరు, నీళ్లు ఉబికితే ఒక తీరు. ఒక ఊర్లో అయిన దానికి రెండింతలు ఇంకో ఊర్లో అయింది.

"లోపల ఒక కిలోమీటరుకు పెట్టే పైసలతో రోడ్డు మీద నాలుగు వెయ్యొచ్చు అత్తమ్మా. మంచిగ కుదిరితే ఐదు. ఉన్న పైసలు పట్టుకుని లోపలికి దిగితే రైలు స్టేషన్ కాడ మొదలై నడుమనే ఆగిపోతది. మన గోదావరిఖని దాకా రాదు."

"రాకుంటే ఇల్లు మిగులుతది" అన్నాడు రాయమల్లు, భార్యతో.

"రాకుంటే గోదారి అవతలి నస్పూర్ నుంచి వచ్చేటోళ్లు గట్లనే ఆటోల బయటికి వేలాడుకుంట వస్తరు" అంది సాత్విక, అత్తతో.

అనసూర్య చేతిలోని గుడ్డ పక్కన పడేసింది. మీరిద్దరూ మీరిద్దరే మాట్లాడుకోండి, నాకు పప్పు నానబెట్టే పని ఉంది అని వంటింట్లోకి పోయింది.

రాయమల్లు పెరట్లో తొట్టి దగ్గరికి పోయి ముఖం కడుక్కోవడం మొదలుపెట్టాడు. వంటింటి కిటికీ ఆ తొట్టి మీదికే తెరుచుకుంటుంది. సాత్విక అత్త వెనకాలే వంటింట్లోకి వచ్చింది. ఆయన అక్కడున్న సంగతి చూడలేదు.

అనసూర్య పప్పు కడుగుతూ, తల ఎత్తకుండా అడిగింది.

"గీత పడ్డంక ఎరుకే అన్నవ్. పడకముందు ఎందుకు చెప్పలేదు?"

"చెప్తే మామయ్య ఆపమంటరు. ఆఫీసుల చెప్తే నన్నే ఆపుతరు."

"నిన్నెందుకు ఆపుతరు?"

సొంత ఇల్లు తగిలే చోట ఆ ఇంటి మనిషి లెక్క వేయకూడదని ఆఫీసులో నియమం ఉంది. ఈ ఇల్లు తనదని సాత్విక అక్కడ చెప్పలేదు. ఆమె ఆధార్ కార్డులో ఇంకా మంథని చిరునామానే ఉంది. ఎవరూ అడగలేదు. ఇదంతా ఆమె మెల్లగా చెప్పింది.

"నేను తప్పుకుంటే ఇంకెవరో వస్తరు అత్తమ్మా. వాళ్లకు ఇది కాగితం మీది గీత. ఇక్కడ పొద్దుగాల ఎంతమంది తింటరో వాళ్లకు తెల్వది. నేనుంటే గీత జరంత అన్న వెనక్కి జరుగుతదనుకున్న."

"జరిగిందా?"

"జరిగింది. కరెంటు స్తంభాలు అవతలి పక్కకు మార్చి, మన వరుస మొత్తానికి జరిపిన."

"ఎంత?"

సాత్విక చెయ్యి చాపి చూపింది. బొటనవేలి నుంచి చిటికెన వేలిదాకా.

అనసూర్య ఆ చేతిని చూసింది. తర్వాత కోడలి ముఖం చూసింది.

"జానెడు జాగల పొయ్యి పెట్టుకుంటనా, నేను నిలబడతనా?"

అనుకోకుండా ఇద్దరికీ నవ్వొచ్చింది. నవ్వు సగంలో ఉండగానే సాత్విక కళ్లు తుడుచుకుంది. అనసూర్య తడిచేత్తోనే ఆమె వీపు మీద ఒకసారి తట్టి, మళ్లీ పప్పులో చెయ్యి పెట్టింది. మెస్సు పోతే బతకలేమని కాదు, శివకు జీతముంది, ఈయనకు పింఛను ఉంది. కానీ ఈ పొయ్యి తనది. ఈ రోడ్డు మీద తన పేరుతో ఉన్నది ఇదొక్కటే. అది అనసూర్య పైకి అనలేదు. సాత్వికకు చెప్పనక్కరలేకపోయింది.

పెరట్లో నీళ్ల చప్పుడు ఎప్పుడో ఆగిపోయింది. రాయమల్లు తువ్వాలు మెడలో వేసుకుని ఇవతలికి వచ్చాడు. విన్నట్టుగా గానీ విననట్టుగా గానీ కనపడలేదు. సాత్విక సంచీ తీసుకుని ఆఫీసు వాళ్లతో కలవడానికి ముందే వెళ్లిపోయింది.

కాసేపటికి గట్టయ్య వచ్చాడు. రాయమల్లుతో ఒకే బాయిలో పనిచేసి రిటైరయ్యాడు. వరుసలో నాలుగో మడిగె ఆయనది. పంక్చర్ల దుకాణం. ఆయన గోడ మీద కూడా ఎర్ర గీత ఉంది. రాయమల్లును బావా అని, అనసూర్యను అక్కా అని పిలుస్తాడు. ఎక్కడ కూర్చున్నా బాయి సంగతులే.

అనసూర్య ఇద్దరికీ చాయ పెట్టింది. గట్టయ్య మీటింగులో బావ ఏమేం అనాలో చెబుతున్నాడు. మాట మాటకీ పక్కదారి పట్టి పాత రోజుల్లోకి పోతున్నాడు.

బొగ్గు స్తంభాలు తీసే పనిలో ఉన్న రోజులవి. ముందు సొరంగాలు తవ్వుకుంటూ పోయినప్పుడు నడుమ నడుమ బొగ్గును స్తంభాల్లా వదిలేస్తారు. చివరికి ఆ స్తంభాలనూ తీసుకుంటూ వెనక్కి వస్తారు. వస్తూ వస్తూ ఆనించిన దుంగలు గుంజేస్తారు. కప్పు పడిపోతుంది. అది పడేముందు చిటచిటమని సప్పుడు చేస్తుంది. ఆ సప్పుడు విని ఎప్పుడు ఉరకాలో రాయమల్లుకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదని గట్టయ్య పొగిడాడు.

"కప్పు పడకుంట ఆగిందనుకో, సార్లకు నిద్ర పట్టకపోయేది అక్కా. ఒక్కసారే పెద్దగ పడితే ఆ గాలికి మనుషులు ఎగిరిపోతరు. అందుకని మంచిగ పడేదాక చూసేటోళ్లం. బావ కాడుంటే చెప్పినట్టు పడేది."

అనసూర్య గ్లాసులు కడగడం ఆపింది. ఇన్నేళ్లలో ఆమె ఎన్నడూ బాయి లోపలికి పోలేదు. సైరన్ మోగితే మనిషి వచ్చాడా లేదా అని చూడడమే ఆమెకు తెలిసిన బాయి.

"అంటే మీరు తవ్విన సొరంగాలు ఇప్పుడు లేవా?"

"ఎక్కడియి అక్కా. పడ్డయి పడ్డయి. ఊరి కింద మాత్రం పడనియ్యలే. పడితే ఊరు కుంగుతదని గోదారి ఇసుక నీళ్లల్ల కలిపి పంపి నింపిన్రు. చీమ దూరే సందు లేదు."

"ఒక్కటన్న లేదా, దీపం పట్టుకుని పోయి చూసి వద్దామంటే?"

గట్టయ్య నవ్వాడు. ఎందుకుంటది, బొగ్గు వచ్చినంక దాంతో పనేమున్నది అన్నాడు.

అనసూర్య మొగుడి వైపు తిరిగింది. ఆమె గొంతులో ఎత్తిపొడుపు లేదు. తెలియకనే అడిగింది.

"మరి రైలు కూడ గట్లనే పోతదా? అది పోయినంక కప్పు పడొచ్చా?"

రాయమల్లు చాయ గ్లాసు బల్ల మీద పెట్టాడు.

బయట లారీ ఒకటి బొగ్గు దుమ్ము రాలుస్తూ పోయింది. ముగ్గురూ ఆ లారీనే చూశారు.

అన్నేళ్లు కప్పు కింద బతికిన మనిషి రాయమల్లు. కట్టెతో కప్పు మీద కొట్టి, సప్పుడును బట్టి కూర్చోవాలా లేవాలా చెప్పగలడు. ఆ కప్పు ఎంతసేపు ఆగాలో ఎప్పుడూ ఆయనకు ఒక అంచనా ఉండేది. తాము బయటికి వచ్చేదాకా ఆగితే చాలు. దుంగలూ మందూ కూలీ అని తాను చెప్పిన లెక్క ఆ కప్పుది. రైలు పోయే కప్పు అలాంటిది కాదు. అది ఎప్పటికీ పడకూడదు. కింద ఆడవాళ్లూ పిల్లలూ కూర్చుని ఉంటారు. వాళ్లకు చిటచిట సప్పుడు అంటే ఏమిటో తెలియదు.

ఇంత చిన్న సంగతి ఇన్నాళ్లు తనకెందుకు తోచలేదో ఆయనకు అర్థం కాలేదు. తోచకపోగా వరుస అంతటికీ చెప్పాడు. సంతకాలు పెట్టించాడు.

"పోదామా బావా, టైమైతున్నది" అన్నాడు గట్టయ్య.

రాయమల్లు లేచాడు. చాయ అట్లాగే ఉంది.

హాలు నిండిపోయింది. ఫ్యాన్లు వేడిగాలినే తిప్పుతున్నాయి. మగవాళ్లు ఒక పక్క, ఆడవాళ్లు ఒక పక్క కూర్చున్నారు. ముందు బల్ల దగ్గర జిల్లా నుంచి వచ్చిన ఆఫీసరమ్మ, ఆమె పక్కన సర్వే ఆఫీసు పెద్ద వేణుమాధవ్. సాత్విక చివరి కుర్చీలో, మెడలో ఆఫీసు కార్డుతో కూర్చుంది. అత్తను చూసి చూడనట్టు తల దించుకుంది.

వేణుమాధవ్ ల్యాప్‌టాప్ నుంచి గోడ మీద బొమ్మ వేసి చూపించాడు. ఒక పక్క లోపలి రైలు, ఒక పక్క రోడ్డు మీది రైలు. సాత్విక పొద్దున చెప్పినదే ఆయన ఇంకొంచెం కష్టమైన మాటల్లో చెప్పాడు. ఒకదానికి ఇన్ని వందల కోట్లు, ఇంకోదానికి అందులో నాలుగో వంతు, ఐదో వంతు. ఇక్కడ భూమి లోపల పాత గనులున్నాయి కాబట్టి లోపలి ఖర్చు ఎంత పెరుగుతుందో ఎవరూ చెప్పలేరన్నాడు. రోడ్డు మీది రైలుకు కూడా తక్కువ పని లేదట. నీళ్ల పైపులూ తీగలూ పక్కకు జరపాలి. పోయే జాగలకు ధర కట్టివ్వాలి. అదంతా కలిపినా లోపలి దానికన్నా అదే అగ్గువ.

మగవాళ్ల పక్కన గొణుగుడు లేచింది. రాయమల్లన్న మాట్లాడతడు అని ఎవరో అన్నారు. ఆఫీసరమ్మ మైకు ఇటు ఇప్పించింది.

రాయమల్లు లేచి మైకు పట్టుకున్నాడు. గట్టయ్య కింద నుంచి, చెప్పు బావా అన్నాడు.

"రైలు లోపలినుంచి వెయ్యిండ్రని సంతకాలు పెట్టించింది నేనే. తవ్వుడు అగ్గువ అని అందరికి చెప్పింది నేనే. బాయిల మేం తవ్వేది కప్పు పడేటట్టు తవ్వేటోళ్లం. ఆ లెక్కతోని చెప్పిన. రైలు కాడ కప్పు పడొద్దు. ఎప్పటికి పడొద్దంటే ఎంతైతదో నాకు ఎరుక లేదు. నా లెక్క తప్పు."

హాలంతా గోలయింది. గట్టయ్య ఆయన చొక్కా పట్టుకుని లాగాడు. గింతమందిని తీసుకొచ్చి గిట్ల చేస్తివేంది అని పళ్ల నడుమ అన్నాడు. వెనక కొందరు లేచి నిలబడ్డారు. అమ్ముడుపోయిండు అని ఒక గొంతు వినిపించింది.

రాయమల్లు మైకు వదల్లేదు.

"ఇంకొకటి ఉన్నది. ఆ గోడ మీది లెక్క కూడ తప్పే."

వేణుమాధవ్ తల ఎత్తాడు.

"రోడ్డు మీదైతే అగ్గువ అని రాసిన్రు. ఎందుకు అగ్గువైంది? మా ఇంటిదాని పొయ్యి గుంజేస్తె అగ్గువైంది. జాగకు ధర కట్టిన్రు, మంచిదే. పొద్దుగాల మొదటి షిఫ్టోళ్లు ఏడ తిని బాయికి పోవాలె? మీ లెక్కల అది ఏ గడిల ఉన్నది?"

ఈసారి వెనక నిలబడ్డవాళ్లు కదల్లేదు. ఆడవాళ్ల పక్కన అందరూ అనసూర్యను చూశారు. ఆమె కొంగు సర్దుకుంది. ఇరవై మందికి వడ్డిస్తూ కూడా ఎన్నడూ ఇంతమంది కళ్లు తన మీద పడలేదు. పొయ్యి గురించి ఆయన ఇంట్లో ఒక్కనాడు కూడా ఇంత మాట అనలేదు.

మీది ఏ ఇల్లు అని వేణుమాధవ్ అడిగాడు. అనసూర్య మెస్సు అని రాయమల్లు చెప్పాడు. వేణుమాధవ్ తన ముందున్న కాగితాలు తిప్పాడు. ఒకచోట వేలు ఆపి ఆఫీసరమ్మకు చూపించాడు. ఇద్దరూ తగ్గు గొంతుతో ఏదో అనుకున్నారు.

తర్వాత ఆయన మైకులోనే అన్నాడు. ఈ మెస్సు ఉన్న వరుస దగ్గర గీత మొదట పెట్టిన చోటు నుంచి వెనక్కి జరిగింది. జరిపింది తమ ఇంజనీరే. ఎందుకు జరిపారో తనకు చెప్పలేదు. ఆయన సాత్విక వైపు తిరిగాడు. సాత్విక లేచి నిలబడింది. స్తంభాలు అవతలికి మార్చే వీలుంది కాబట్టి జరిపానని చెప్పింది. ఆమె గొంతు సగం మందికి వినపడలేదు.

ఆఫీసరమ్మ ఆమెను చూసి, రాయమల్లును చూసింది.

"పెద్దాయనా, ఈ అమ్మాయి మీకు తెలుసా?"

సాత్విక చెయ్యి మెడలోని కార్డు మీద ఆగిపోయింది. తెలుసంటే ఆమె పని పోతుంది. గీతను ఇంకో అంగుళం జరపాలన్నా ఆ తర్వాత ఎవరూ ఉండరు. తెలియదంటే ఆమె ఆ కుర్చీలోనే ఉంటుంది, పొయ్యి వైపు ఒక మనిషి ఉంటుంది.

రాయమల్లుకు ఇదంతా తెలుసు. పొద్దున తొట్టి దగ్గర ఆయన ప్రతి మాటా విన్నాడు. ఆడవాళ్ల వరుసలో అనసూర్య ఆయన ముఖమే చూస్తోంది. ఆయన ఏమంటే బాగుంటుందో ఆమెకే తెలియలేదు.

ఎర్ర గీత పడ్డ నాటి నుంచి రాయమల్లు ఆ పిల్ల పేరు పలకలేదు. తెలియదు అనడం ఆయనకు పెద్ద కష్టం కూడా కాదు. ఇన్నాళ్లూ ఇంట్లో చేస్తున్నది అదే.

"నా కోడలు" అన్నాడు.

హాలు మళ్లీ కదిలింది. ఆయన ఆగలేదు.

"పేరు సాత్విక. మా శివ భార్య. మా ఇంట్లనే ఉంటది. జరిపింది మా ఒక్క ఇంటికి కాదు, వరుసంతటికి జరిపింది. కావాలంటే టేపు పట్టి చూసుకోండ్రి. దాచింది తప్పే. దొంగపని మాత్రం చెయ్యలే."

మైకు గట్టయ్య చేతిలో పెట్టి కూర్చున్నాడు. గట్టయ్య దాన్ని ఏం చేయాలో తెలియక అట్లాగే పట్టుకున్నాడు.

వేణుమాధవ్ కోపంగా ఏమీ అనలేదు. అలసిపోయినట్టు చెప్పాడు. ఇది మొదలే చెప్పాల్సింది. ఇప్పటినుంచి ఈ పనిలో సాత్విక చెయ్యి పెట్టకూడదు. సాత్విక సరేనంది. మెడలోని కార్డు తీసి బల్ల మీద పెట్టింది. కాగితాలు ఒకటొకటి సర్ది ఆయన ముందుకు జరిపింది. మెట్టు దిగి, మగవాళ్ల వరుసల నడుమ నుంచి నడిచి, ఆడవాళ్ల వైపు వచ్చింది.

అనసూర్య పక్కకు జరిగి చోటు ఇచ్చింది. సాత్విక కూర్చుంది. అత్త ఆమె చెయ్యి తీసుకుని తన ఒళ్లో పెట్టుకుంది. ఇద్దరి చేతులూ చెమటతో తడిసి ఉన్నాయి.

పని పోయిందా అని అనసూర్య గుసగుసగా అడిగింది. ఈ పని పోయింది, ఉద్యోగం సంగతి హైదరాబాదు పోతే తెలుస్తుందని సాత్విక చెప్పింది.

గట్టయ్య మైకును కుర్చీ మీద పడేసి లేచాడు. ఇంక ఇక్కడ ఏమున్నది, నడువుండ్రి అని వరుస వాళ్లను పిలిచాడు. కొందరు ఆయన వెంట తలుపు దాకా పోయారు. రాయమల్లు వైపు ఎవరూ చూడలేదు. ఆఫీసరమ్మ కాగితాలు మూస్తూ, ఇంకెవరైనా మాట్లాడేది ఉందా అని అడిగింది. అడగాలి కాబట్టి అడిగినట్టుంది.

సాత్విక అత్త ఒళ్లోంచి చెయ్యి తీసుకుంది. లేచి నిలబడింది.

"మేడమ్, ఇప్పుడు నేను ఆఫీసు మనిషిని కాదు. ఆ మెస్సు ఇంటి మనిషిని. ఒకటి అడగొచ్చా?"

ఆఫీసరమ్మ చేతులు ఆగాయి. అడగమంది.

"మా వరుస కాడ రోడ్డు ఇరుకు. అందుకే రెండు పట్టాలు పట్టవు, ఇండ్లు కొట్టాలంటున్నరు. ఎదురుంగున్న ఆఫీసుల గోడలు అయిపోయినంక రోడ్డు మళ్ల వెడల్పే. ఇరుకున్నంత దూరం ఒక్కటే పట్టా వేస్తే ఏమైతది? ఒక బండి వచ్చేదాక ఎదురుబండి వెడల్పు కాడ ఆగుతది. జర ఆలస్యమైతది. కానీ ఒక పట్టా ఖర్చు తగ్గుతది. కట్టియ్యాల్సిన జాగల ధర తగ్గుతది. ఎన్నో ఊర్లల్ల ఇరుకు గల్లీల కాడ గట్లనే నడుపుతున్నరు."

ఆఫీసు మాట పోయి ఈ రోడ్డు మాట ఎప్పుడు ఆమె నోటికి వచ్చిందో అనసూర్య గమనించనేలేదు.

"లోపలిది ఒక లెక్క, రోడ్డు మీద రెండు పట్టాలది ఒక లెక్క చూపించిన్రు. ఈ మూడోది గోడ మీద లేదు. ఇంతకుముందు ఆ కుర్చీల కూర్చుని అడిగే హక్కు నాకు లేకుండె. ఇప్పుడు అడుగుతున్న. ఆ లెక్క వేసిన్రా?"

తలుపు దగ్గర గట్టయ్య వెనక్కి తిరిగాడు.

ఆఫీసరమ్మ వేణుమాధవ్ వైపు చూసింది. ఆయన సాత్విక సర్ది ఇచ్చిన కాగితాల మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాడు. బండ్లు ఆలస్యమైతే పై వాళ్లు ఒప్పుకోరన్నాడు. అది తాను అడగలేదని ఆఫీసరమ్మ అంది.

"లెక్క వేశారా, లేదా?"

రాయమల్లు వంగిన నడుముతోనే కొంచెం ముందుకు జరిగి కోడలి వైపు చూశాడు. ఆమె ఆయన్ని చూడలేదు. ఆమె చూపంతా ముందు బల్ల మీదే ఉంది.

"వేశాం" అన్నాడు వేణుమాధవ్.

"చూపించండి."

ఆయన ల్యాప్‌టాప్ తనవైపు లాక్కున్నాడు. గోడ మీది బొమ్మ ఆరిపోయి తెల్లగా మిగిలింది.

గట్టయ్య తలుపు దగ్గరినుంచి వచ్చి, వెనక వరుసలో ఒక కుర్చీ లాక్కుని, గోడకు ఎదురుగా కూర్చున్నాడు.